ఒక్క కప్పు కాఫీ మిషను

మా పెద్దమ్మ ఏం కొన్నా అమ్మేవాడికి చుక్కలు కనిపిస్తాయి. చీపురు కొనాలన్నా పది చీపుళ్లు దులిపి చూస్తుంది. మా అమ్మ అలా కాదు. ఎదుట రెండు రకాలు పెడితే చాలు, అక్క ముఖం వంక చూస్తుంది. చెప్పుల దగ్గర్నుంచి మా నాన్న దాకా అమ్మకు అన్నీ ఎంచిపెట్టింది పెద్దమ్మే. నాన్న విషయంలో కాస్త తొందరపడ్డానని అప్పుడప్పుడూ నవ్వుతూ ఒప్పుకునేది, నాన్న ముందే.

ఇద్దరికీ కలిపి ఒక్కటే కుట్టు దుకాణం. పెద్దమ్మ కత్తిరిస్తుంది, అమ్మ కుడుతుంది, నేను కాజాలు కుట్టి గుండీలు వేస్తాను. పెద్దమ్మ మిషను తొక్కి ఎరగదు, అమ్మ కత్తెర పట్టి ఎరగదు. "మీ అమ్మ చేతికి కత్తెరిస్తే చొక్కాకు మూడో చెయ్యి పెడుతుంది" అని పెద్దమ్మ వేళాకోళం. వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఆ దుకాణమూ, పక్కన మిషను దగ్గర చెల్లెలూ, అంతే ఆమె లోకం.

కాఫీ దగ్గర మాత్రం అక్కాచెల్లెళ్లకు పడదు. పెద్దమ్మకు నల్లగా, చేదుగా ఉండాలి. అమ్మకు పాలూ చక్కెరా దండిగా పడాలి. గుడ్డల మధ్య పొయ్యి వెలిగించకూడదు కనక ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేవాళ్లం. అది ఇద్దరికీ నచ్చేది కాదు.

ఒకరోజు అమ్మ అంది: "ఒక్కో కప్పు కాఫీ ఇచ్చే చిన్న మిషన్లు వచ్చాయట అక్కా. పాడ్లని కాఫీపొడి డబ్బీలుంటాయట, ఒకటి లోపల పెట్టి మీట నొక్కితే చాలట. ఒకటి కొందామనుకుంటున్నా. నువ్వొచ్చి చూసిపెట్టవా?"

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. అది మా దుకాణానికేనని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను. అమ్మ అవుననలేదు, కాదనలేదు. బయలుదేరే ముందు పెద్దమ్మ కత్తిరించే బల్లకూ ఇస్త్రీ బల్లకూ మధ్య జాగాను టేపుతో కొలుచుకుంది.

షాపులో నిగనిగలాడే పెద్ద మిషన్లు చూపించారు. "ఈ సోకులు మాకెందుకు నాయనా, జానెడు వెడల్పు దాటకూడదు" అంది పెద్దమ్మ. నీళ్ల తొట్టి వెనక ఉన్నదాన్ని చూసి, "నీళ్లు పోయాలంటే ప్రతిసారీ ముందుకు లాగాలి, గుడ్డల మీద ఒలుకుతుంది" అని పక్కన పెట్టేసింది. ఒక్క కంపెనీ డబ్బీలే పట్టేదాన్ని, "రేపు వాళ్లు అమ్మడం మానేస్తే ఇందులో సూదులు పెట్టుకోవాలా?" అంది. పాలు నురగ కొట్టే గిన్నె ఉన్న మిషనును అమ్మ ఒకసారి చేత్తో నిమిరింది గానీ, అది మా జాగాలో పట్టదు. చివరికి సన్నటిది ఒకటి తేల్చింది పెద్దమ్మ.

"మొదటి కప్పు నీదేలే. పాలు ఇంట్లో కాచి తెచ్చుకుందాం" అంది అమ్మతో.

"ఎక్కడికి పంపమంటారు?" అని అడిగాడు అమ్మే ఆయన.

పెద్దమ్మ నోరు తెరిచేలోపే అమ్మ నేల చూపులు చూస్తూ ఇంకేదో చిరునామా చెప్పింది. మెయిన్ రోడ్డు మీద కొత్త కాంప్లెక్సు, కింది అంతస్తు.

"అక్కడెవరున్నారే?"

"నేనే అక్కా. షాపు తీసుకున్నా. ఇవాళ నీకు చెబుదామనే..."

పెద్దమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "మరి కత్తిరించేదెవరు?"

"నేనే. నేర్చుకున్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లేదేదో వెళ్లక, వేరుపడి పెట్టుకునే షాపుకు కూడా మిషను ఎంచమని అక్కనే వెంటబెట్టుకొచ్చింది! కన్నతల్లే అయినా సరే, ఇదేం మనిషి అని ఇప్పటికీ అనుకుంటాను. "నాకు ఎంచడం రాదు కదక్కా" అని గొణిగింది అమ్మ, అదేదో సంజాయిషీ అయినట్టు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మార్కెట్టు వెనకాల మాస్టరు దగ్గర."

"చంకలో పట్టేసేట్టు కత్తిరిస్తాడు, వాడి దగ్గరా?"

పెద్దమ్మ ఆ సన్నటి మిషనును వెనక్కి నెట్టి, పాల గిన్నె ఉన్నదాన్ని ముందుకు జరిపింది.

"ఇదివ్వండి. తనొక్కతే తాగేదైతే ఇదే నయం."

అమ్మను అక్కడే వదిలేసి నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. రోడ్డు మీదికి వచ్చాక నా వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ నా పక్కనే కూర్చుంది కదే. నన్నడిగితే నేర్పనా?"