మస్తాన్‌వలి పచ్చి గొంతు

నరసరావుపేట నుంచి మాచర్ల దాకా మస్తాన్‌వలి గొంతు ఎరగని ఇల్లు లేదు. మనిషిని ఎరిగినవాళ్ళు మాత్రం మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళు, ఆయన టీ తాగే కొట్టువాడు, మసీదులో ఆయన నిలబడే వరసవాళ్ళు. అంతే.

ఏ చీర కట్టాలో, పిల్లవాణ్ణి ఏ కాలేజీలో పడెయ్యాలో, ఏ డాక్టరు దగ్గర మొలలు కోయించుకోవాలో పాతికేళ్ళపాటు ఈ ప్రాంతానికి చెప్పిన గొంతు అది. ఆటో మీద మైకు కట్టి ఊరూరా తిప్పే ప్రకటనలు, కేబుల్ టీవీలో పాటకూ పాటకూ మధ్య వచ్చే ప్రకటనలు, అన్నీ ఆయనవే. ఇంటర్ రెండుసార్లు తప్పిన మనిషి, కార్పొరేట్ కాలేజీల ర్యాంకులు గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. ఆయన పోయి ఏడు నెలలైంది. ర్యాంకులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఆయన స్టూడియో నరసరావుపేట బస్టాండు వెనక, సెల్‌ఫోన్ల కొట్టు మీద ఒక గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు పెళ్ళినాటి రగ్గు. ఆ రగ్గు విషయంలో ఆయన భార్య అబిదా ఆయన్ని చివరిదాకా క్షమించలేదు. ఫ్యాను తిరిగితే రికార్డింగులో ఆ చప్పుడు పడుతుందని ఆపేసేవాడు. మే నెలలో, తడిసిన బనీనుతో, “చల్లచల్లని మా ఏసీ షోరూముకి కుటుంబ సమేతంగా విచ్చేయండి” అని ఎంత హాయిగా పిలిచేవాడంటే, విన్నవాడికి చలేసేది.

నాకూ ఆయనకూ స్నేహం కలిపింది హైదరాబాదు తెలుగు. నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. ఒక కవితా సంపుటి అచ్చు వేయించాను. ఆ కట్టలు ఇప్పుడు మా బీరువా కాళ్ళ కింద, చెమ్మ తగలకుండా కాపాడుతున్నాయి. ఒకరోజు వలి హైదరాబాదు నుంచి రాసి పంపిన ప్రకటన కాగితం పట్టుకుని స్టాఫ్‌రూముకి వచ్చాడు. అందులో “మీ యొక్క దంతములు మాచే సంరక్షింపబడును” అని ఉంది.

“మాస్టారూ, ఇది నోట్లో తిరగట్లేదు. కాస్త మనిషి మాట్లాడినట్టు రాసిపెట్టండి.”

రాసిచ్చాను. మర్నాడు మా వీధిలోకి ఆటో వచ్చి నా వాక్యాన్నే అరిచింది. కవిత్వం పదిహేనేళ్ళలో చేరని చోటికి పళ్ళ డాక్టరు ప్రకటన ఒక్క పూటలో చేరింది. అప్పట్నుంచి నేను ఆయనకు ఆస్థాన కవిని.

తన వృత్తి గురించి ఆయనకు భ్రమలేమీ లేవు. “జనం మాట వినరు మాస్టారూ. గొంతు వింటారు,” అనేవాడు. టీవీ వార్తలు చూస్తే నవ్వేవాడు. “ఊరు తగలబడిపోతన్నట్టు చదువుతాడే, నిజంగా తగలబడిన రోజు ఏం చేస్తాడు? వాడి కాడ అంతకంటే పెద్ద గొంతు లేదుగా.” ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం రెండో పార్టీకి చెప్పేవాడు. మధ్యలో ఒక గ్లాసు వేణ్ణీళ్ళు.

“రెండూ ఎట్టా చెప్తావయ్యా?” అని అడిగాను ఒకసారి.

“ఎకో మారుస్తా. అధికారంలో ఉన్నోళ్ళకి కొంచెం ఎక్కువ పెడతా.”

మైకులో పడ్డ గొంతును ఆయన కంప్యూటర్లో వేసి, బరువు పెంచి, ఎకో చేర్చి, వెనక సంగీతం పరిచేవాడు. అదంతా చేయక ముందున్న గొంతును ‘పచ్చి గొంతు’ అనేవాడు. ఆయన పచ్చి గొంతు సన్నగా, ఎప్పుడూ కాస్త జలుబు చేసినట్టు ఉండేది. “పచ్చిది ఇంట్లోవాళ్ళకి, వండింది ఊళ్ళోవాళ్ళకి” అని నవ్వేవాడు.

“ఆ వండిందేదో ఒక్క పూట మాకూ పెట్టొచ్చుగా,” అనేది అబిదా. “పాతికేళ్ళ నుంచి పచ్చిదే తింటన్నాం అన్నయ్యా.”

మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడ్డ ఏడాది, అమర్నాథ్ అనే పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్ స్టూడియో మెట్లెక్కాడు. ఆ పురుగు పువ్వులో దూరి లోపల్నుంచి తినేస్తుంది. ఏ మందుకీ చావలేదు. రైతులు దొరికిందల్లా కొట్టారు, కంపెనీలు మిగిలిందల్లా అమ్మేశాయి. అమర్నాథ్ తెచ్చిన డబ్బా పేరు తామరాంతక్ గోల్డ్. గోల్డ్ కానిది ఒకటి ఉందా అని మేమెవరమూ అడగలేదు.

ఆ ప్రకటన మీద నేను మూడు రోజులు కూర్చున్నాను. “పువ్వు రాలదు. పిందె మాడదు. పురుగు మిగలదు.” నా జీవితంలో అంత పొందికైన పంక్తులు రాయలేదని ఇప్పటికీ అనుకుంటాను. వలి దానికి ముందు పిల్లనగ్రోవి పెట్టాడు. ట్రాక్టర్లు తప్ప ఎద్దు కనపడని ఊళ్ళ కోసం ఎద్దు మెడలో గంటలు పెట్టాడు. “రైతన్నా” అని పిలిచి, రెండు క్షణాలు ఆగి, పక్కన గట్టు మీద కూర్చున్నవాడిలా మొదలుపెట్టాడు. వింటుంటే నా కళ్ళు చెమర్చాయి. నాకు ఒక సెంటు మిరప తోట కూడా లేదు.

గురజాల వైపు పన్నెండు రోజులు కంపెనీ ఆటో తిప్పాలని ఒప్పందం. నాలుగో రోజు పొద్దున్నే ఆ వైపు పల్లెలో ఉండే మా బావమరిది త్రికోటేశ్వరరావు ఫోన్ చేశాడు.

“బావా, ఆ మందు యాడ్ రాసింది నువ్వేనంటగా?”

“అవును. ఎలా ఉంది?” అన్నాను, ఇన్నాళ్ళకు ఒక పాఠకుడు ఫోన్ చేశాడన్న సంతోషంలో.

“చానా బాగుంది. పువ్వు మొత్తం రాలింది. పిందె మాడింది. పురుగొక్కటే నిక్షేపంగా ఉంది. నువ్వూ, మీ భాయీ వచ్చి చూసిపోండి.”

వెళ్ళాం. సాళ్ళ మధ్య నేల తెల్లగా ఉంది. అంతా రాలిన పూత. త్రికోటేశ్వరరావు వలిని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“నీ గొంతని కొట్టా భాయ్. మా ఇంట్లో అన్నం తిన్న మనిషి అబద్ధం చెప్తాడా అనుకున్నా. పోయింది పోయిందిలే. ఈ మూడూళ్ళలో అందరూ డబ్బాలు తెచ్చి పెట్టుకున్నారు. నేను వద్దంటే, నీకు కలపడం రాలేదంటన్నారు. రేపో ఎల్లుండో కొడతారు. వాళ్ళకైనా చెప్పు.”

వలి చెట్టుకు మిగిలిన ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపాడు. నల్లటి నలుసులు చేతి మీద పరుగులు పెట్టాయి.

“ఈ జిల్లాలో నా మాట విననివి ఇవే మాస్టారూ,” అన్నాడు.

అక్కడి నుంచే అమర్నాథ్‌కి ఫోన్ చేశాడు. అమర్నాథ్ కంగారు పడలేదు. మోతాదు సరిగా కలిపి ఉండరన్నాడు. ఇంకో విడత కొట్టమన్నాడు. ప్రకటన ఆపమంటే మాత్రం నవ్వాడు.

“నీకేం సంబంధం భాయ్? గొంతు అద్దెకిచ్చావు. ఇల్లు అద్దెకిచ్చినోడు లోపల ఏం వండుకుంటన్నారో అడుగుతాడా?”

వలి ఆ రోజే స్టూడియోకి వెళ్ళి ఇంకో రికార్డింగు చేశాడు. నన్ను రాయమనలేదు. నిజం చెప్పడానికి రాతెందుకు అనుకున్నాడు. సంగీతం పెట్టలేదు, ఎకో పెట్టలేదు. “నేను మస్తాన్‌వలిని. తామరాంతక్ మందు కొట్టొద్దు. కొట్టిన చేను నేను చూశాను. పూత రాలిపోయింది. నేను చెప్పింది తప్పు.” అంతే. దాన్ని మహేష్ ఆటోలో పెట్టించాడు. ఆటో ప్రచారంలో ఇరవై ఏళ్ళుగా ఆయనతో ఉన్నవాడు మహేష్. “భాయ్, ఇది యాడ్‌లా లేదు. ఇంట్లో వదినతో మాట్లాడినట్టుంది,” అని చెప్పాడు కూడా. మేం వినలేదు.

మర్నాడు పొద్దున గురజాల సెంటర్లో రెండు ఆటోలూ ఎదురుపడ్డాయి. కంపెనీ ఆటో పిల్లనగ్రోవితో, గంటలతో అటు నుంచి వచ్చింది. నేనూ వలీ కూర్చున్న మహేష్ ఆటో ఇటు నుంచి వెళ్ళింది. మధ్యలో ఒక ఎరువుల లారీ అడ్డం పడటంతో రెండూ ఎదురెదురుగా ఆగిపోయాయి. పువ్వు రాలదని ఒక మస్తాన్‌వలి, రాలుతుందని ఇంకో మస్తాన్‌వలి. టీ కొట్టు ముందు జనం కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. దేశంలో అన్ని చర్చా కార్యక్రమాల్లో ఒకే మనిషి రెండు వైపులా మాట్లాడటం మామూలే కానీ, ఇంత బాహాటంగా జరగడం మేం అప్పుడే చూశాం.

“ఏందిరా, ఇద్దరూ ఒకడేనా?” అన్నాడొకడు.

“కాదులే. అటు ఆటోలోది అసలు గొంతు. ఇటోడు మిమిక్రీ చేస్తన్నాడు.”

“మిమిక్రీ కూడా సరిగ్గా రాలేదు. జలుబు చేసినట్టుంది.”

వలి ఆటో దిగి వాళ్ళ మధ్యకు వెళ్ళాడు. పుల్లయ్య అనే పెద్దాయన ముందు కూర్చుని ఉన్నాడు. ఐదెకరాల మిరప ఆయనది. డబ్బాలు సంచిలో కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

“పెద్దాయనా, నేనే మస్తాన్‌వలిని. ఆ మందు కొట్టొద్దు.”

పుల్లయ్య ఎగాదిగా చూశాడు. “నువ్వా? నీ గొంతేంది ఇట్టా ఉంది?”

“ఇదే నా గొంతు.”

“ఊరుకోవయ్యా. ఆయన గొంతు నాకు తెలీదా? పొద్దున లేస్తే అదేగా వినేది. నిన్ను ఎవడో గిట్టని కంపెనీవాడు పంపితే వచ్చినట్టున్నావు.”

“ఏదీ, నువ్వు ఆయనే అయితే ‘పువ్వు రాలదు’ అని ఆయన చెప్పినట్టు చెప్పు చూద్దాం,” అన్నాడు ఇంకొకడు.

వలి నోరు తెరిచాడు. ఆ రెండు ముక్కలూ కడుపులోంచి బరువుగా ఒక్కసారి అంటే చాలు, అందరూ నమ్మేవాళ్ళు. నేను పక్కనే ఉన్నాను. ఆయన పెదాలు కదిలాయి. నోరు మూసుకున్నాడు.

“చూశార్రా! చెప్పలేకపోయాడు!”

నవ్వులు. పుల్లయ్య సంచి తీసుకుని లేచాడు. సాయంత్రం ఎండ తగ్గాక మందు కొడతానని పక్కవాడితో చెబుతూ వెళ్ళాడు.

వెంటనే పేటకు తిరిగొచ్చాం. స్టూడియో మెట్లెక్కుతూ వలి కాగితం, పెన్ను నా చేతిలో పెట్టాడు.

“మాస్టారూ, రాయండి.”

“నిజం చెప్పడానికి రాయడమేందయ్యా?”

“అబద్ధానికి మూడు రోజులు రాశారు. నిజానికి ఒక గంట రాయలేరా?”

రాశాను. “పువ్వు రాలింది. పిందె మాడింది. పురుగు మిగిలింది.” మా బావమరిది ఫోన్లో ఉచితంగా చెప్పిన వాక్యాలే. వలి అదే పిల్లనగ్రోవి తీశాడు. అవే గంటలు. అదే ఎకో. “రైతన్నా” అని పిలిచి, సరిగ్గా అదే రెండు క్షణాలు ఆగాడు. అన్నం క్యారేజీ తెచ్చిన అబిదా గుమ్మంలో నిలబడి విన్నది.

“తప్పయిందని చెప్పడానికి ఆ గంటలెందుకండీ?” అంది.

“గంటలు లేకపోతే ఎద్దులు లేవనుకుంటారే,” అన్నాడు వలి.

మూడు గంటలకల్లా మహేష్ ఆటో మళ్ళీ గురజాల చేరింది. సాయంత్రానికి మూడూళ్ళూ తిరిగింది. మర్నాడు జనం డబ్బాలు తిరిగి కొట్ల ముందు పెట్టారు. అప్పటికే కొట్టేసినవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళ చేలు మేం కాపాడలేదు. పుల్లయ్య మాత్రం మందు కలపబోతూ ఆగిపోయాడట. ఆయన తీర్పు త్రికోటేశ్వరరావు స్వయంగా విని నాకు చెప్పాడు.

“ఇదిగో, ఇదీ ఆయన గొంతంటే! పొద్దున వచ్చాడే, దొంగ సచ్చినోడు, ఆయన పేరు పెట్టుకుని.”

“ఆ పొద్దునోడు కూడా ఇదేగా చెప్పింది మామా?”

“చెప్తే? వాడు చెప్తే నిజమైపోద్దా?”

ఇంకో ఇద్దరు రైతులు ఈ ప్రకటన చాలా బాగుందనీ, ఏ కంపెనీదో కనుక్కుని ఆ మందే కొంటామనీ అన్నారట.

అమర్నాథ్ గొడవ పెట్టుకోలేదు. మరుసటి ఏడాది ఆ డబ్బాకే పేరు మార్చి, హైదరాబాదు గొంతుతో ప్రకటన చేయించాడు. వలికి మాత్రం నిజం చెబుతాడన్న పేరు పడిపోయింది. ఆ వృత్తిలో అంతకు మించిన జబ్బు లేదు. పురుగుమందులు పోయాయి, కాలేజీలు పోయాయి, చివరకు పళ్ళ డాక్టరు కూడా మర్యాదగా తప్పుకున్నాడు. మిగిలినవి పోయిన బ్యాగులు, రక్తదాన శిబిరాలు, ఫలానావారి పెద్దకర్మలు. “ఇవి నయం మాస్టారూ,” అనేవాడు. “పోయినోడు పోయాడని చెప్పడానికి రెండో రికార్డింగు అక్కర్లేదు.”

ఆ మాటా తప్పే. ఒక పొద్దున టీ కొట్టు దగ్గర, గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. మసీదు మైకులో చెప్పారు. పేట వరకూ అది సరిపోయింది. ఊళ్ళకు కూడా చెప్పాలని మహేష్ పట్టుబట్టాడు. కోడిగుడ్ల అట్టల మధ్య, ఆయన మైకు ముందు నేను కూర్చున్నాను. పిల్లనగ్రోవి ఫైలు కంప్యూటర్ తెర మీద, ఆయన పెట్టిన చోటే ఉంది. ఏం చేయాలని అబిదాని అడిగించాను.

“పాటా పిల్లనగ్రోవీ వద్దని చెప్పండి అన్నయ్యకి. మా ఇంట్లో మాట్లాడినట్టు చెప్తే చాలు,” అని కబురు చేసింది.

నాలుగు వాక్యాలు పచ్చిగానే చదివాను. నా గొంతు అసలే బాగుండదు. ఆ రోజు మరీ.

గురజాల సెంటర్లో ఆటో ఆపి, రికార్డింగు రెండుసార్లు వేశాం. పుల్లయ్య కర్ర ఊపుతూ అడ్డం వచ్చాడు. ముసలితనం మీద పడినా మనిషి గట్టిగానే ఉన్నాడు.

“ఆపవయ్యా. ఏందిది? ఎవరు చెప్పించారు?”

“మేమే పెద్దాయనా. మస్తాన్‌వలి పోయాడు,” అన్నాను.

“పోతే ఆయన గొంతుతో చెప్పడా? ఇదెవరిదో పీల గొంతు. సంగీతం లేదు, పాడు లేదు. నాకు తెలుసులే, ఇది గిట్టనోళ్ళ పని. నా ఐదెకరాలు కాపాడిన మనిషి, నాకు చెప్పకుండా పోతాడా?”

మహేష్ నావైపు చూశాడు. స్టూడియో తాళం నా జేబులోనే ఉంది. గంట కూర్చుంటే చాలు. పిల్లనగ్రోవి, గంటలు, “రైతన్నా”, రెండు క్షణాలు. సాయంత్రానికల్లా పుల్లయ్య నమ్మేవాడు.

“గిట్టనోళ్ళ పనే అయ్యుంటుందిలే పెద్దాయనా,” అన్నాను.

మహేష్ మైకు ఆపేశాడు. ఆటో తిప్పమన్నాను.