మంచం మీద హెల్మెట్

బర్మామైన్స్ కాలనీలో మా పక్కింటి బాబాయి కార్ఖానాలో సేఫ్టీ ఉద్యోగి. పర్యావరణం మీద, ప్రమాదాల నివారణ మీద లావుపాటి పుస్తకాలు కొని, మంచం పైన గోడకున్న చెక్కబల్ల మీద పేర్చేవాడు. బరువుకి బల్ల ఒంగిపోయింది. బాబాయి దాని కింద ‘తల జాగ్రత్త’ అని ఎర్రబోర్డు తగిలించి, హెల్మెట్‌తోనే చదివేవాడు, హెల్మెట్‌తోనే పడుకునేవాడు. నేను వెళితే నాకూ ఒకటిచ్చి, పెట్టుకునేదాకా పలకరించేవాడు కాదు.

ఓ ఆదివారం బల్ల ఊడి, పుస్తకాలన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. పిన్నీ నేనూ పరుగెత్తాం. బాబాయి వాటిలోంచి లేచి, బీటలు వారిన హెల్మెట్ గర్వంగా తడుముకున్నాడు.

“సూసినారా? బుక్కులో రాసినట్టే, బిల్కుల్ సేఫ్!”

“రెండు మేకులు కొట్టమని ఏడాదిగా సెప్తన్నాను గదా!” అంది పిన్ని.

బాబాయి నొచ్చుకున్నాడు.

“మేకులు కొట్టీత్తే ముప్పే ఉండదు. మరి ఈ పుస్తకాలు ఏటి సేసుకోవాలే?”