పసుపు కలిసిన వాన

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా ఇల్లు తాలూకా ఆఫీసు వెనక గోడకు ఆనుకొని ఉండేది. ఆ ఆవరణలో ఒక మూల, ముళ్లతీగ కంచె మధ్య, వాన కొలిచే డబ్బా ఉండేది. పైన గరాటు, లోపల సీసా. పడిన వాన గరాటులోంచి సీసాలోకి దిగుతుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు చప్రాసీ ఆ నీళ్లను గీతలున్న గాజు గొట్టంలో పోసి, ఎంత పడిందో చూసి రిజిస్టరులో రాసేవాడు. మా వాడకట్టంతా ఆయనను చాచా అని పిలిచేది. కంచె దగ్గర నిలబడి చూసే నన్ను లోపలికి రానిచ్చి, గాజు గొట్టం పట్టుకోనిచ్చేవాడు. వాన లేని రోజు కూడా సీసా తీసి, బోర్లించి, ఖాళీగా ఉందని చూశాకే సున్న రాసేవాడు. ఆకాశం చూస్తే తెలియదా అని అడిగితే నవ్వేవాడు గానీ, చూడకుండా మాత్రం ఒక్కనాడూ రాయలేదు.

నేను అయిదో తరగతి చదువుతున్న ఏడు మృగశిర దాటిపోయినా చినుకు రాలలేదు. వేసిన విత్తనం దుక్కిలోనే ఎండిపోతోందని మా బాపు పొద్దస్తమానం మొగులు వైపే చూసేవాడు. అప్పుడు మా నాయినమ్మ వాడలోని ఆడవాళ్లను పోగుచేసి కప్పతల్లి ఆట మొదలుపెట్టింది. తడిగుడ్డలో కప్పను ఉంచి, వేపమండలతో కలిపి రోకలికి కట్టి, ఇద్దరు పిల్లలు భుజాన మోస్తారు. ఇంటింటికీ పోతే ఆడవాళ్లు పసుపు నీళ్లు ఆ కప్ప మీద పోసి వాన కోసం మొక్కుతారు. ఆట అయ్యాక కప్పను తడి ఉన్నచోట వదిలేస్తారు. ఇందులో మా నాయినమ్మే పెద్ద. ఎవరు పాట తప్పినా అక్కడే ఆపి మళ్లీ మొదటి నుంచి పాడించేది.

సరిగ్గా ఆ వారమే బడిలో మా సారు వాన పాఠం చెప్పాడు. సముద్రం నీళ్లు ఆవిరై మేఘాలవుతాయని, గాలి వాటిని మోసుకొస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. నాకు ఆ పాఠం ఎంతో నచ్చింది. నచ్చిన సంతోషంలోనే లేచి నిలబడి, మా నాయినమ్మ కప్పతల్లి ఆడుతోంది, వాన తప్పకుండా వస్తుంది సార్ అన్నాను. తరగతి గొల్లున నవ్వింది. సారు కూడా నవ్వాడు.

"గట్లనా? సరే, రేపు పొద్దుగాల డబ్బాల ఎంత పడ్డదో మీ చాచాను అడిగి చిట్టీ మీద రాయించుకొని రా. బోర్డు మీద రాద్దాం. కప్ప గెలుస్తదో, గాలి గెలుస్తదో చూద్దాం" అన్నాడు.

ఆయన సరదాకే అన్నాడని ఇప్పుడు తెలుసు. ఆనాడు మాత్రం నిజంగా పందెమే అనుకున్నాను. సారు చెప్పింది నిజమని నాకు తోచింది. అది నిజమైతే నాయినమ్మ అబద్ధం కావాలి. చేతులు జోడించి కళ్లు మూసుకున్న ఆ ముసలి ముఖం అబద్ధమంటే నేను ఒప్పుకోలేను. ఇద్దరిలో ఒకరి మాటే నిజం కావాలన్నట్టు నాలో నేనే పంతం పట్టాను.

ఆ సాయంత్రం ఆట ముగిశాక పసుపు నీళ్ల చెంబు నా చేతిలోనే మిగిలింది. ఇంటికి పోతూ కంచె దాటి, ఆ నీళ్లు సగం గరాటులో పోసేశాను. పోసే ముందు దండం కూడా పెట్టుకున్నాను. దేవుడికి సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

పొద్దున చాచా కన్నా ముందే నేను అక్కడికి చేరాను. ఆయన సీసా పైకి తీశాడు, బరువు చూసి ఆగాడు. గాజు గొట్టంలో పోశాడు. పచ్చగా నిగనిగలాడుతున్న నీళ్లు, అందులో ఒక వేపాకు. చాచా గొట్టాన్ని వెలుతురులోకి ఎత్తి చాలాసేపు చూశాడు. తరువాత కాళ్ల కింది దుమ్మును చెప్పుతో ఒకసారి గీశాడు. దుమ్ము లేచింది.

"అరె! అంగుళం పైనే పడ్డదే! ఊరంత ఎండి, ఒక్క నా డబ్బాలనే పడ్డదా? అదీ పసుపు వాన. యాపాకు గూడ ఏసిండు పైవాడు. ఇంత ఉప్పు గూడ ఏస్తే చారే అయితుండె" అన్నాడు.

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. సారు మాట, బోర్డు సంగతి, నాయినమ్మ సంగతి అంతా వెక్కుతూనే చెప్పాను. ఆ అంగుళమే చిట్టీ మీద రాసిమ్మని బతిమాలాను కూడా. చాచా కోప్పడలేదు. గొట్టంలోని నీళ్లు పక్కనున్న గన్నేరు మొదట్లో పోసి, సీసా కడుగుతూ నెమ్మదిగా మాట్లాడాడు.

"మేము గూడ మొన్న ఈద్గా కాడ వాన కోసం దువా చేసినం బేటీ. మా ముసలోళ్లు ఏడ్సిన్రు. తెల్లారి వచ్చి చూస్తే డబ్బాల సున్న. సున్ననే రాసిన. రాసినంక పోయి మల్ల దువా చేసిన. వాన ఎట్ల పుడతదో మీ సారునడుగు, నాకు గంత చదువు లేదు. నేను పొద్దుగాల పైవాణ్ని అడుగుత, ఎనిమిదిన్నరకు వచ్చి చూస్త. గంతే. ఆయన కోసమని నేను ఝూట్ రాస్తే, రేపు ఆయన ముంగట ఏం ముఖం పెట్టుకొని నిలబడాలె?"

చిట్టీ మీద సున్న రాసి నా చేతిలో పెట్టాడు. పోసిన సంగతి నువ్వే చెప్పు, నేను ఎవరికీ చెప్పను అన్నాడు.

బడికి పోయే ముందు నాయినమ్మ దగ్గరికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చొని ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. సున్న అనే మాట నా నోటి నుంచి ఊడిపడడానికి చాలాసేపు పట్టింది. ఆమె మనసు విరిగిపోతుందని భయపడ్డాను. ఆమె మాత్రం నన్ను వింతగా చూసింది.

"సున్న అని చెప్పనీకి డబ్బా ఎందుకే? వాకిలి చూస్తలేనా నేను? నా కండ్లు గింత పోయినయనుకున్నవా?" అంది. సారు గాలి మాట చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "గాలి తెస్తదన్నడా? సదువుకున్నోడు, ఎరికుండే చెప్తడు. అయితే యాళకు మంచి గాలి తోలమని తల్లిని అడుగుదాం. ఇస్తే ఇస్తది, ఇయ్యకుంటే మల్ల అడుగుతం. నువ్వెందుకే గిట్ల చిక్కిపోతున్నవ్?"

అప్పుడు నాకు కలిగిన తేలికదనం ఇన్నేళ్లయినా మరువలేను. ముందురోజు నుంచి నేను ఒక్కదాన్నే కొట్లాడుతున్న ఆ యుద్ధంలో అటు పక్క గానీ ఇటు పక్క గానీ ఎవరూ లేరు. బడిలో సారు బోర్డు మీద సున్న వేసి నా వైపు చూసినప్పుడు, చెంబు సంగతి నేనే లేచి చెప్పేశాను. మళ్లీ నవ్వారు. ఈసారి నాకూ నవ్వొచ్చింది. తరువాత వాన పడింది గానీ, ఎన్ని రోజులకు పడిందో చెప్పలేను. నేను డైరీ మొదలుపెట్టింది పై తరగతిలో. తెలియని లెక్కను ఇప్పుడు ఊహించి రాయను.

పెద్దయ్యాక నేను దవాఖాన ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. బయట బెంచీ మీద తల్లులు దేవుళ్లందరినీ పిలుస్తుంటే, లోపల నేనూ ఆ పిల్లల కోసం ఒక్క క్షణం కళ్లు మూసుకునేదాన్ని. ఆ తరువాత గాజుపలక మీద ఏది కనిపిస్తే అదే రాసేదాన్ని. "జర మంచిగ రాయమ్మా" అని కొంగు పట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల పక్కన కూర్చున్నాను గానీ, రాత మాత్రం మార్చలేదు.

పోయిన ఏడు నా రొమ్ములో గడ్డ కనిపించి, ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు కవరు కళ్లకద్దుకొని దండం పెట్టుకున్నాను. అప్పుడు చించి, అలవాటు ప్రకారం ప్రతి వరుసా రెండుసార్లు చదివాను. మామూలు గడ్డే, భయం లేదు. ఇంకోలా వచ్చి ఉన్నా అలాగే రెండుసార్లు చదివి, మళ్లీ దండం పెట్టుకునేదాన్ని.