బాబాయి కోసం ప్రోగ్రాముకి కొత్త ముఖం

కొత్త రాష్ట్రం వచ్చి, బళ్ల నంబరు ప్లేట్ల మీద ఎం.పీ. చెరిపించి సీ.జీ. రాయించుకుంటున్న రోజులవి. హథ్‌ఖోజ్‌ పారిశ్రామిక వాడలో నేను పనిచేసే చిన్న ఇంజనీరింగు షెడ్డులో ఒక మధ్యాహ్నం అందరూ మిషన్లు ఆపేసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. కన్వేయరుకి బిగించాల్సిన బ్రాకెట్టు మూరెడు పొడవుండాలి. ఫిట్టరు భయ్యా అరచేతిలో పట్టుకొచ్చినది బెత్తెడుంది. "దీన్ని బొమ్మల కొట్టుకి పంపిద్దామా?" అని అందరికీ చూపిస్తున్నాడు. డ్రాయింగులో ఎంతుందో అంతే చేశానని ఒట్టు కూడా వేశాడు. చూస్తే నిజంగా అంతే ఉంది.

ఆ డ్రాయింగు గీసింది బాబాయి. సొంత బాబాయి కాదు, మా చర్చిలో మూడో వరసలో కూర్చునే విజయనగరం పెద్దమనిషి. ఇక్కడి స్టీల్ ప్లాంటులో జీవితమంతా బోర్డు మీద డ్రాయింగులు గీసి, రిటైరయ్యాక ఈ షెడ్డులో చేరాడు. నాకు ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే.

బోర్డు మీద గీసేవాళ్ల పద్ధతి వేరు. కాగితం చిన్నది, వస్తువు పెద్దది. అందుకని ఒక స్కేలు ఎంచుకుని, ఐదో వంతుకో పదో వంతుకో తగ్గించి గీసి, పక్కన అసలు కొలత చేత్తో రాస్తారు. కంప్యూటర్లో అలా కాదు, అసలు కొలతతోనే గీయాలి. గీత ఎంతుంటే అంత అంకె ప్రోగ్రామే వేసేస్తుంది. బాబాయి అలవాటు కొద్దీ ప్రతి కొలతనీ మనసులోనే ఐదుతో భాగించి టైపు చేశాడు. ఒక్క లెక్క తప్పలేదు మహానుభావుడు! అదే కొంప ముంచింది.

షెడ్డు యజమాని సేఠ్ మాత్రం నవ్వలేదు. "భయ్యా, ఇవాళ్టి నుంచి మీరు స్టోర్లో కూర్చోండి. దీపావళిలోగా కంప్యూటర్ పట్టుబడితే సరే, లేదంటే డ్రాయింగు కుర్చీ ఈ బేటీదే" అని నన్ను చూపించి హిందీలో చెప్పేసి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం ఇప్పించిన మనిషిని లేపి ఆ కుర్చీలో నేను కూర్చోవాలా? సిగ్గుతో ఆ రోజు అన్నం డబ్బా కూడా తెరవలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద బాబాయిని పట్టుకున్నాను. "ఆ స్క్రీను మీద నీకేం కావాలో చెప్పు బాబాయ్" అన్నాను.

"కాయితం కావాల" అన్నాడు వెంటనే. "ఆ నల్లటి దాంట్లో ఎక్కడ మొదలెట్టాలో ఎలగ తెలుస్తాదే పాపా? ముందు షీటు, తర్వాత స్కేలు, అప్పుడు గీత. అందులో షీటు ఊసే నేదు. పైగా ఆ బటన్లు! చీమలకి కట్టిన బోర్డుల్లాగున్నాయి."

మేం వాడే డ్రాయింగు ప్రోగ్రాము ఊరికే దొరికేది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని తయారుచేసేవాళ్లు తలో దేశంలో ఉండి ఈమెయిళ్లలో మాట్లాడుకునేవారు. లోపల లెక్కలు కట్టే ఇంజను వేరు, పైకి కనపడే ముఖం వేరు, కావలసినవాళ్లు ఇంకో ముఖం రాసుకోవచ్చు అని గొప్పగా ప్రకటించారు. సరే, నేనే రాస్తాను అనుకున్నాను.

తీరా లోపలికి వెళ్లి చూస్తే ఏముంది, ఉండకట్టిన సేమ్యా! ఇంజను, ముఖం రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వృత్తం లెక్క కట్టాల్సిన కోడు ఆ పని మధ్యలో ఆపి మౌసు ఎక్కడుందో వెతుక్కుంటోంది. తిట్టుకుంటూ ఒక్కొక్క పోగూ విడదీశాను. రోజూ పొద్దున్నే మా సెక్టర్ 4 క్వార్టర్లో, పాత కంప్యూటర్ ముందు, కుక్కర్ ఈలల మధ్య రెండు గంటలు అదే పని. "ఆ ఉప్మా కూడా ఆ పెట్టెకే తినిపించు" అని అమ్మ కేకలేసేది.

శనివారం భోజనాల వేళ బాబాయి స్టోరు నుంచి వచ్చి పరీక్ష చేసేవాడు. తెల్లటి షీటు వచ్చింది. స్కేలు ముందే అడిగి, భాగించే పని ప్రోగ్రామే చూసుకునేలా చేశాను. బొమ్మల బదులు పెద్ద అక్షరాల్లో మాటలు పెట్టాను. అయినా ఆయన ముఖంలో ఏదో వెలితి.

"ఎడం చెయ్యి ఖాళీగా ఉంటే నాకు తోచదే. బోర్డు మీద ఎప్పుడూ టీ స్క్వేర్ కర్ర పట్టుకునుండేది."

దాంతో కీబోర్డు మీద ముఖ్యమైన మీటలన్నీ ఎడమ చేతి కిందకి తెచ్చాను. ఆ రోజు ఆయన పైపులు కలిపే ఫ్లాంజి ఒకటి గీసి, గీసినదాన్ని తనే తల వంచి చూసుకుని, "బాగుందే!" అన్నాడు. నాకు గంతులేయాలనిపించింది.

ఫ్లాపీల్లో మొత్తం ఎక్కించుకుని ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి, అసలు ప్రోగ్రాములో కలుపుకోమని దాన్ని తయారుచేసేవాళ్లకి పంపాను. ఇంత పెద్ద ముద్ద ఎవరు చదువుతారు, ముక్కలు చేసి పంపు అని జవాబొచ్చింది. నేను ఏడుపు ముఖం పెడితే బాబాయి నవ్వాడు. "ఇంజనంతా ఒక్క షీటు మీద ఎవడు గీత్తాడే? ఏ భాగానికా భాగం షీటు ఉంటాది." అలాగే పంపాను. ఈసారి ఇంకో పేచీ. స్కేలు ముందు అడగడం కంప్యూటర్లో ఎవరికీ అక్కర్లేదు, తీసెయ్యమన్నారు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బెత్తెడు బ్రాకెట్టు కథంతా నా ముక్కుసూటి ఇంగ్లీషులో రాసి పడేశాను. మూడో ఆదివారం జవాబు చూశాను. చదివి నవ్వలేక చచ్చాం, స్కేలు ఉండనివ్వండి, మీ ముఖాన్ని అసలు ప్రోగ్రాములో కలిపేశాం అని ఉంది. అమ్మ ఆ ఈమెయిలు ప్రింటు తీసుకెళ్లి పాస్టరు గారి చేత కృతజ్ఞతా ప్రార్థనలో చదివించింది. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

దీపావళికి వారం ముందు సేఠ్ ఒక బేరింగు హౌసింగు, అంటే బేరింగు కూర్చునే గూడు, గీసే పని తెచ్చి బాబాయి ముందు పెట్టాడు. బాబాయి గీస్తున్నంతసేపూ నేను గోళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. రెండు రోజులకి హౌసింగు తయారైంది. ఫిట్టరు భయ్యా బేరింగు పట్టుకుని మెల్లగా లోపలికి నొక్కాడు. అది మెత్తగా జారి సరిగ్గా కూర్చుంది. సేఠ్ దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "కుర్చీ మీదే భయ్యా" అన్నాడు. షెడ్డు దద్దరిల్లేలా అరిచింది నేనే. బాబాయి కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

మర్నాడు స్టోరు తాళాలు అప్పగించి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తను లేనన్నాళ్లూ నేను గీసినవన్నీ తెమ్మని, ఎర్ర పెన్సిలు తీశాడు. మొదటి షీటు మీదే ఆగిపోయాడు.

"బోల్టు ఎక్కుతాది, సరే. స్పానరు ఎక్కడ తిప్పుతావే?"

చూశాను. గోడకీ బోల్టుకీ మధ్య వేలు కూడా దూరదు. ఆ డ్రాయింగు ఆ రోజే మిషన్ల దగ్గరికి వెళ్లాల్సింది. ఆయన కుర్చీని నేను కాపాడానని నిన్నటి నుంచీ ఎంత పొంగిపోయానో! బాబాయి స్పానరు పట్టేంత చోటు ఎర్రగా గీసి, కాలితో పక్క స్టూలుని నా వైపు తోశాడు.

"కూకో పాపా. ఇంకా పదకొండు షీట్లున్నాయి."