గుడ్డ వెనక బియ్యం ధర

షోలాపూర్ నేతగాళ్ల వాడ జోడ్‌భావి పేట్‌లో గోదావరి నోటికి జడవని మనిషి లేడు. కండెలు చుట్టే రాట్నం ఎప్పుడైనా ఆగేదేమో గాని ఆమె నోరు ఆగేది కాదు. మొగుడు నర్సప్ప మగ్గం మీద దుప్పట్లు నేసేవాడు. ఆయనకు కండెలు అందిస్తూ, మధ్యలో వంట చేస్తూ, వాకిట్లోంచి పోయేవాళ్ల మంచీచెడూ విచారిస్తూ పాతికేళ్లు నెగ్గుకొచ్చింది. నలుగురిలో తల దించుకున్న పాపాన పోలేదు. అలాంటి తలను కూడా ఒకసారి కంట్రోల్ బియ్యం దించింది.

అది 1951. కొంతం చౌక్ దగ్గరి రేషన్ దుకాణం ముందు కార్డు పట్టుకుని తెల్లారకముందే వరసలో నిలబడాలి. ఆ దుకాణం సేటుకు తెలుగు వచ్చు, మరాఠీ వచ్చు. అయినా గద్దె మీద కూర్చున్నాక నోట్లోంచి వచ్చేవన్నీ ఇంగ్లీషు మాటలే. స్టాక్ నిల్. సప్లై లేట్. కోటా కట్. రేట్ రైజ్. వరసలోని ఆడవాళ్లకు అందులో అర్థమయ్యేది ఒక్కటే, ఇవాళ కూడా సంచి నిండదని.

ధరలు రాసి దుకాణం ముందు కట్టాలని సర్కారు నియమం. షోలాపూర్ కదా, పలకకన్నా గుడ్డే చవక. సేటు పల్చటి తెల్లగుడ్డ మీద నల్ల సిరాతో ధరలు రాయించి వేలాడగట్టాడు, అదీ ఇంగ్లీషులోనే. తనిఖీకి వచ్చే అధికారికి తెలిస్తే చాలు, కొనేవాళ్లకు తెలియనక్కర్లేదు. అంకెలు మాత్రం అందరూ గుర్తుపట్టేవారు. అయిదు, ఏడు, తొమ్మిది, పదమూడు. ఏ అంకె ఏ సరుకుదో మాత్రం సేటు చెప్పాల్సిందే.

ఆ నెల బియ్యం శేరు పదమూడణాలన్నాడు.

"పోయిన నెల తొమ్మిదే ఉండె గద! ఒక్కపాలి పదమూడేంది సేట్?" అంది గోదావరి.

"గుడ్డ మీద రాసుంది. చదువుకో."

"నాకు చదువొస్తే నిన్నెందుకడుగుత?"

"రాకుంటే పైసలియ్యి. లేకుంటే బాజూకు జరుగు."

జరిగింది. జరగక ఏం చేస్తుంది? ఇంట్లో కూతురు శాంత తొలికాన్పు బాలింత. పదిహేనో రోజు. వేడన్నంలో ఇంత మిరియాల చారు పోసి పెట్టాల్సిన పిల్లకు మూడు పూటలుగా జొన్న గటకే పోస్తోంది. పిల్లకు అది సయించడం లేదు. పాలు సరిగా పడక చంటిది గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటుంటే గోదావరికి కడుపు మండిపోయింది.

"తినేది మనం, పండించేది మనోళ్లు, ధర రాసేది మాత్రం దొరల బాసలనా? ఆ దొరలు పోయి నాలుగేండ్లాయె!" అని మొగుడి మీద అరిచింది. ఆయన చేసిందేమీ లేదు, పాపం. ఎదురుగా ఉన్నాడంతే.

చంటిదానికి నీళ్లు పోయడానికి వచ్చే యమునాబాయి ఈ అరుపులు విన్నది. సర్కారు దవాఖానాలో ఇరవయ్యేళ్లు ఆయాగా చేసి, మందు సీసాల మీది ఇంగ్లీషు కూడబలుక్కోవడం నేర్చిన మనిషి. "అగ బాయీ, అరుస్తే ఏమొస్తది? నేర్చుకో," అని పెరట్లో కూర్చుని, చంటిదాని వీపు రుద్దుతూనే నాలుగు మాటల అక్షరాలు నోటితో చెప్పింది. బియ్యం అంటే రైస్. ఆర్, ఐ, సీ, ఈ. గోధుమలు వీట్. చక్కెర షుగర్. జొన్నను కూడా జోవార్ అని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారట. దానికి గోదావరి ఇంకో గంట తిట్టింది.

అక్షరాల ఆకారాల కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. అప్పుడే నర్సప్ప ఒక హాస్టల్‌కు దుప్పట్లు నేస్తున్నాడు. అంచు వెంట ఏబీసీడీలు మొత్తం, ఒకదాని కింద ఒకటి. పిల్లలు వల్లించే వరస చెవిన పడిందే కాబట్టి ఆయన మగ్గం మీద వేలు పెట్టి లెక్కపెడుతూ "ఇగో, ఇది ఆర్, ఇది సీ" అని చూపించాడు. వారం రోజులు గోదావరి కండెలు చుడుతూ మగ్గం వైపే చూస్తూ వల్లించింది.

ఎనిమిదో రోజు వరసలో ముందుకొచ్చి, "సేట్, ఈ దినం నేనే చదువుత," అంది.

గుడ్డకేసి చూసింది. ఐ లాంటివి నాలుగైదే తెలిసిన మొహాలు. ఎడమకు తెరిచి ఉండాల్సిన సీ నోరు కుడికి తెరిచి ఉంది. ఆర్ కాలు అటు చాచాల్సింది ఇటు చాచింది. ఎంతసేపు చూసినా ఒక్క మాటా కుదరలేదు.

"చదువు బ్యారిస్టర్‌బాయీ, చదువు!" అన్నాడు సేటు. వరసంతా నవ్వింది. పక్కింటి ద్రౌపది కూడా నవ్వింది. సేటు నవ్వినందుకు కాదు, ద్రౌపది నవ్వినందుకు గోదావరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాళీ సంచి చుట్టి చంకలో పెట్టుకుని తల దించుకుని ఇంటికి వచ్చింది.

ఇంట్లో నర్సప్ప మొదటి తాను కోసి, తిరగేసి నేల మీద పరుస్తున్నాడు. గోదావరి గడపలోనే ఆగిపోయింది. సీ నోరు కుడికే ఉంది.

మగ్గం మీద బట్ట మంచి మొహం కిందికి, వీపు పైకి ఉంటుంది. పాతికేళ్లుగా ఎరిగిన సంగతే. పువ్వు ఎటు తిరిగినా పువ్వే కాబట్టి ఎన్నడూ పట్టించుకోలేదు.

"ఏమయ్యా! వారం దినాలు నాకు అక్షరాల వీపు చూపెట్టినవా?"

"మగ్గం మీద ఏమున్నదో అదే చూపిన. వాటికి వీపు వేరే ఉంటదని నాకేమెరుక?"

ఆయన్ను తిట్టడానికి కూడా ఆగలేదు. ఆ తాను ముందు కూర్చుని, బొగ్గు ముక్కతో నేల మీద రాసుకుంటూ రెండు రోజుల్లో అన్నీ మళ్లీ నేర్చుకుంది.

మూడో రోజు దుకాణం ముందు ఆమె గొంతు చౌక్ అవతలికి వినిపించింది.

"ఆర్, ఐ, సీ, ఈ. రైస్. బియ్యం. ఎదురుంగ ఉన్నది తొమ్మిది! పదమూడు చక్కెరది. చక్కెర స్టాక్ నిల్ అని ఒక్కరికీ ఇయ్యకపోతివి, దాని ధర తెచ్చి బియ్యానికి అంటగట్టినవ్! ఎంతమంది పోరగాండ్ల నోటికాడిది గుంజుకున్నవ్ రా?"

వరస చెదిరి ముందుకొచ్చింది. సేటు గద్దె దిగి గబగబా గుడ్డ విప్పి, తిరగేసి కట్టాడు. "అది పాత రేటు! కొత్త ఆర్డర్ రావాలె. దుకాణం బంద్!"

గోదావరి తలెత్తి చూసింది. పల్చటి గుడ్డలోంచి సిరా వెనక్కి ఇంకి, అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తున్నాయి. సీ నోరు ఎడమకు తెరిచి ఉంది.

"తిప్పు సేట్, ఎన్నిసార్లు తిప్పుతవో తిప్పు. నేను మొదలు నేర్సుకున్నది ఈ దిక్కునుంచే," అని, వేలు పెట్టి చూపిస్తూ నాలుగు సరుకులూ నాలుగు ధరలూ మళ్లీ చదివింది. ద్రౌపది తన సంచిని సేటు ముందుకు విసిరి, "తొమ్మిది చొప్పున జోకు," అంది. ఆమె వెనక ఇంకో సంచి పడింది, తరవాత ఇంకోటి. సేటు తక్కెడ అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నం శాంత ముందు పళ్లెం పెట్టేసరికి కూడా గోదావరి సేటును తిడుతూనే ఉంది. పొగలు కక్కే అన్నం చూసి శాంత, "అమ్మా, రేటు దిగిందా?" అని అడిగింది.

"ఎక్కితే గద బిడ్డా దిగేటందుకు," అంది గోదావరి. "వాడు ఎక్కిందన్నడు, మేం నమ్మినం. తిను."