మేకుకు మిగిలిన చీటీ

మా చిరుతిళ్ల ఆన్‌లైన్ అంగడిని కొత్త వెర్షన్‌కు మార్చిన ఇంజనీరు "సరుకంతా వచ్చేసింది సార్" అన్నాడు. అంత నున్నగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్నకైతే మొదటి నుంచీ అనుమానమే. ఆయన గనిలో పనిచేసిన మనిషి. దిగేముందు పైన మేకుకు టోకెన్ తగిలించి, ప్రాణాలతో ఎక్కి వచ్చాక తీసుకునేవాళ్లట. అందుకే అంగడిని మార్చకముందే నాచేత అందులో ఉన్న ఒక్కో సరుకుకూ ఒక్కో చీటీ రాయించి గోడమేకుకు గుచ్చాడు.

కొత్తదాంట్లో కనబడిన సరుకు చీటీనల్లా తీసేస్తూ వచ్చాం. చివరికి రాగి చక్కిలాల చీటీ ఒక్కటే మిగిలింది. ఫోన్ చేసి అడిగాను.

"అది పాతదాంట్లోనే లేదు సార్," అన్నాడు ఇంజనీరు.

నాన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"మనిషి దిగనే లేదంటే ఎట్లప్పా? వాని టోకెన్ ఇంగా మేకుకే ఉండాది."