మానిటర్ మీద బొట్టుబిళ్ల

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. చేయనివాళ్ల కోసం చెబుతున్నాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ అంటే ఒక సిస్టం, దాని ముందు రెండు కుర్చీలు. ఎడమ కుర్చీ వాళ్లకు కీబోర్డు, కుడి కుర్చీ వాళ్లకు మౌస్. మార్చుకోకూడదని రూలేం లేదు గానీ ఎవరూ మార్చుకునేవాళ్లు కాదు. మొదటి రోజు ఎవరి చేతికి ఏది దొరికితే కోర్సు అయ్యేదాకా అదే వాళ్ల వాటా. నాకు కీబోర్డు దొరికింది. నా కంటే ముందే వచ్చి మౌస్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నవాడు ఇప్పుడు మా ఆయన.

ఆ సిస్టంలో అంతకుముందు బ్యాచ్ వాళ్లెవరో ఒక ఆట ఎక్కించి పోయారు. అందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు. ఆడే మనిషి కూడా కనపడడు. మన కళ్లతో మనమే చూస్తున్నట్టు ఒక రాతి భవనం, గది తర్వాత గది, ప్రతి గదిలో ఒక చిక్కు. అద్దాలు సరిగ్గా తిప్పి వెలుతురు పడాల్సిన చోట పడేలా చేస్తే తలుపు తెరుచుకుంటుంది. నడవడానికి కీబోర్డు, తల తిప్పి చూడటానికి మౌస్. ఒక్క మనిషి రెండు చేతులతో ఆడాల్సిన ఆట అది. మాకేమో చెరొకటే ఉంది. అందుకని నడక నాది, చూపు ఆయనది. ల్యాబ్ అయ్యాక, తర్వాతి బ్యాచ్ వచ్చి కుర్చీలు ఖాళీ చేయించేలోపు ఆడేవాళ్లం. ఆయన బల్కంపేట మనిషి. "జర ముందటికి నడువు", "గా గోడ దిక్కు పో", "ఆగు" అని చెబుతుంటే నేను నడిచేదాన్ని. నేనెంత మొండిదాన్నో మా అమ్మకు తెలుసు. ఎవరో ఆగమంటే నేను ఆగానంటే ఆవిడ నమ్మదు.

ఆట పూర్తయింది, కోర్సు పూర్తయింది, పెళ్లయింది. పెళ్లికి ముందు మా రెండిళ్లలో జరిగిన రభస ఇక్కడ అనవసరం.

ఆ ఆటకు రెండో భాగం వచ్చిందని తెలిసిన రోజున మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లకుంది, అమీర్‌పేటలోనే హాస్టళ్ల సందులో ఒక ఫ్లాట్ ఉంది. ఎవరిది వాళ్లు హాయిగా ఆడుకోవచ్చు. ఆ ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆదివారం భోజనాలయ్యాక పెద్ద మానిటర్ ముందు రెండు కుర్చీలు వేసుకుని, నేను ఎడమ పక్క, ఆయన కుడి పక్క కూర్చున్నాం. అంత సంతోషం నాకు ఈ మధ్యకాలంలో లేదు. మిగతా రోజుల్లో మేం మాట్లాడుకునేది కరెంటు గురించి, కూరగాయల గురించి. ఆ రెండు కుర్చీల్లో మాత్రం మేం మళ్లీ మేమే.

రెండో భాగమన్నాక మొదటిదాని కంటే ఏదో ఒకటి ఎక్కువ చెయ్యాలి కదా. ఈ ఆట చేసినవాళ్లు ఆ భవనాన్నే తిప్పేశారు. ఒక మీట నొక్కితే గది మొత్తం పక్కకు ఒరిగి, గోడ నేలవుతుంది. ఇంకోసారి నొక్కితే కప్పు మీద నడుస్తాం. కిందున్న కిటికీలోంచి ఆకాశం కనపడుతుంది. కొన్ని గదులు ఎంత అందంగా ఉన్నాయంటే, చిక్కు విప్పడం మానేసి ఊరికే చూస్తూ ఉండిపోయేవాళ్లం. ఆడినవాళ్లు ఇంటర్నెట్‌లో రాసినవి ఆఫీసులో లంచ్‌లో చదివేదాన్ని. మొదటి భాగమే నయమని కొందరు, ఇలాంటిది ఇంతవరకు ఆడలేదని కొందరు తగువులాడుకుంటున్నారు. అందరూ ఒప్పుకున్నది ఒక్కటే, కళ్లు తిరుగుతాయని. వాంతులయ్యాయని కూడా రాశారు.

మా ఆయనకూ కళ్లు తిరిగాయి. నాకేం కాలేదు. చూసేవాడికి తిరగక నడిచేదానికి తిరుగుతాయా అని నవ్వాను. ఆటగాళ్లు చెప్పిన చిట్కాలన్నీ చేశాం. సెట్టింగుల్లోకి వెళ్లి, నడుస్తుంటే తెర ఊగడం ఆపేశాం, చూపు వెడల్పు పెంచాం, మౌస్ వేగం తగ్గించాం. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని ఆడాడు. మా అత్తమ్మ బల్కంపేట నుంచి వచ్చి చూసి, ఇది పైత్యమని తేల్చి జీలకర్ర కషాయం కాచింది. ఇంకెవరో రాశారు, తెర మధ్యలో కదలని చుక్క ఒకటి పెట్టుకుంటే కళ్లకు పట్టు దొరుకుతుందని. నా నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి మానిటర్ నట్టనడుమ అంటించాను. గది తలకిందులైనా ఆ ఎర్ర బిళ్ల మాత్రం ఉన్నచోటే ఉండేది. "గిదొక్కటి మంచి పని చేసినవ్" అన్నాడు. ఆ వారం నిజంగానే కొంత నయంగా ఆడాడు. నేను గొప్పలు పోయాను.

తర్వాత మోత మొదలైంది. ఈ గదిలో ఏదో మిషన్ తిరుగుతోంది, దాన్ని ఆపితేనే తలుపు తెరుచుకుంటుందేమో అన్నాడు. నాకు వినపడలేదు. ఆయనకు హెడ్‌ఫోన్లు పెట్టి చూశాం, తీసి చూశాం. సౌండ్ పూర్తిగా తగ్గించినా మోత ఆగలేదన్నాడు. గేమ్‌లో ఏదో బగ్ ఉందనుకున్నాం. మళ్లీ సెట్టింగుల్లోకి పోయాం. మా బతుకులే అంత, ఏం తేడా వచ్చినా ముందు సెట్టింగుల్లో వెతుకుతాం. లేని మిషన్ కోసం ఆ గదంతా గాలించాం. ఆయన చూస్తూ, నేను నడుస్తూ, ఒక మధ్యాహ్నమంతా.

ఒకరోజు పొద్దున ఆఫీసుకు తయారవుతుంటే బాత్రూంలో ఏదో పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే మా ఆయన నేల మీద పడుకుని, రెండు చేతులతో వాష్‌బేసిన్ స్టాండును వాటేసుకుని ఉన్నాడు. ముఖమంతా చెమటలు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"సిస్టం బంద్ చెయ్" అన్నాడు.

"ఆఫ్‌లోనే ఉంది."

"లేదు, తిరుగుతుంది. జర బంద్ చెయ్."

నేను నిజంగానే హాల్లోకి పరుగెత్తి చూశాను. మానిటర్ నల్లగా ఉంది. ప్లగ్ కూడా తీసే ఉంది. ఆ నల్లటి తెర మీద ఎర్ర బొట్టు ఒక్కటే ఉంది. ఆపడానికి నా దగ్గర ఏ మీటా లేదని అప్పుడు అర్థమైంది.

పంజాగుట్టలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. చెవి పరీక్షలన్నీ చేశారు. డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి, కాగితం మీద చెవి బొమ్మ వేసి మరీ చెప్పింది. ఎడమ చెవి లోపల నీటి ఒత్తిడి పెరుగుతోందట, ఒంటిని నిలబెట్టే వ్యవస్థ అక్కడే ఉంటుందట. ఆటకు దీనికి సంబంధం లేదు, ఆట ఆడకపోయినా వచ్చేదే అంది. మోత అందువల్లే. ఆ చెవికి వినికిడి అప్పటికే బాగా తగ్గింది. ఇన్నాళ్లూ ఎడమ పక్కన కూర్చుని నేను చెప్పినవి పట్టించుకోకపోతే, మొగుడు కదా, వినడులే అనుకున్నాను. చెవి వినపడక అని ఎవరనుకుంటారు?

మందులతో తగ్గొచ్చని, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేమని అంది. ఉప్పు బాగా తగ్గించాలి, బండి నడపకూడదు. వచ్చినప్పుడు ఉన్నచోటే కూలబడి, కదలని వస్తువు ఏదో ఒకటి చూస్తూ ఉండాలి. మరి నేనేం చెయ్యాలని అడిగాను. పడిపోకుండా చూసుకోవడమే, అదే తగ్గేదాకా ఆగాలి అంది. ఇంకేదైనా ఉందేమోనని కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాను. ఇంకేం లేదు. బయట తర్వాతి పేషెంటు తలుపు తోశాడు.

ఇంట్లో ఆవకాయ జాడీ అటకెక్కింది. ఆయన ముందు తినలేక నేను ఆఫీసులో తింటున్నాను, అది వేరే సంగతి. బండి సెల్లారులో దుమ్ము పట్టింది. అత్తమ్మ దిష్టి తీసింది, ఎల్లమ్మకు మొక్కుకుంది. నాకు దిష్టి మీద నమ్మకం లేదు గానీ ఆవిడ నిమ్మకాయలు తిప్పుతుంటే ఆయన వెనకాల నేనూ నిలబడ్డాను. ఏది పనిచేస్తే అది పనిచెయ్యనీ అనిపించింది.

ఆట ఆగిపోయింది. అందులో ఇంకా చాలా గదులున్నాయి. ఒక ఆదివారం ఆయనే అన్నాడు, నువ్వు ఆడు, నేను వింట అని. తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు. కీబోర్డూ మౌసూ రెండూ నా చేతికొచ్చాయి. కుడి కుర్చీలో కూర్చోవడం నాకదే మొదటిసారి. కిటికీ ఎటుందని అడిగాడు. కనపడలేదన్నాను. పైకి చూడమన్నాడు. చూస్తే కప్పు గిర్రున తిరిగి నేనెక్కడున్నానో తెలియలేదు. ఇన్నేళ్లూ నడిచాను గానీ ఏ గదినీ నేను చూడలేదు, ఆయన చూపించినవి చూశాను. ఆయన విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆ ఓపిక చూస్తే నాకు ఏడుపొచ్చింది. విసుక్కుని ఉంటే ఎదురు విసుక్కునేదాన్ని, బాగుండేది. తలకిందులుగా ఉన్న మెట్ల కింద మా ఆట అలాగే నిలిచిపోయింది. చివర్లో ఏముందో ఆఫీసులో ఒకతను చెప్పబోతే, అక్కణ్నుంచి లేచి వచ్చేశాను.

ఆ తిరుగుడు మళ్లీ వచ్చింది, ఇంట్లోనే. ఈసారి హాల్లో ఉన్నాడు. గోడకు ఆనుకుని జారి కూర్చుని, ఆపేసిన మానిటర్ వైపు కళ్లు తిప్పి, ఆ ఎర్ర బిళ్లను పట్టుకున్నాడు. అవును, కళ్లతోనే పట్టుకున్నాడు. తగ్గాక, గది అంతా పోయినా అదొక్కటి కొద్దిగా ఆగిందని చెప్పాడు. ఆ మర్నాటి నుంచి నేను బొట్టు పెద్దది పెట్టుకుంటున్నాను. మానిటర్ వెంట రాదు కదా. ఆఫీసుకు జీన్స్ వేసుకున్నా నుదుటిన రూపాయి బిళ్లంత ఎర్ర బొట్టు. ఆఫీసులో ఆటపట్టించారు. అత్తమ్మ మాత్రం చూసి మురిసిపోయింది. "ఇప్పుడు మస్తు కళొచ్చింది బిడ్డా" అంది. ఎందుకు పెట్టుకున్నానో ఆవిడకు చెప్పలేదు.

మొన్న ఆసుపత్రిలో చూపించుకుని, మెట్రో వైపు నడిచి వస్తున్నాం. డాక్టరు కొంచెం మెరుగే అంది. ఆయన సంతోషంగా ఉన్నాడు, ఇంకొన్నాళ్లకు ఆ మెట్ల గది సంగతి చూద్దామన్నాడు. ఆయన కుడి పక్కన నడుస్తున్నాను, అటైతే వినపడుతుందని. ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చూడగానే తెలిసింది.

పంజాగుట్ట చౌరస్తాలో కదలని వస్తువు కోసం వెతకాలంటే ఎక్కడ వెతుకుతాం? బస్సులు, ఆటోలు, బండ్లు, పైన వెళ్లే రైలు. మెట్రో పిల్లర్ కదలదు, కానీ దాని మీది ప్రకటన బోర్డు బొమ్మలు మారుస్తూనే ఉంది. ఆయన పిల్లర్ మొదట్లో కూలబడ్డాడు. పక్క నుంచి పోతూ ఒకాయన, పొద్దుగాలనే తాగిండని ఇంకొకాయనతో అన్నాడు. తిట్టు నోటిదాకా వచ్చింది.

"ముంగట కూసో" అన్నాడు మా ఆయన. "కదలకు."

ఆయనకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. కంకర మోకాళ్లలో దిగుతోంది. ఆయన చూపు నా నుదుటి దాకా వచ్చి, పక్కకు జారిపోయి, మళ్లీ వెతుక్కుంటూ వస్తోంది. నడవమంటే ఎంత దూరమైనా నడుస్తాను. ఆయనకు కావలసింది అది కాదు. వెనకాల ఆటోవాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు, నేను తల తిప్పలేదు. కొంచెమైనా ఆగిందా అని అడగాలని ఉంది. మాట్లాడితే నుదురు కదులుతుందని అడగలేదు.